కోర్టు వరండాలో ఒక అమ్మ

ఆదివారం ఆరాధన ముగిసి, ఆశీర్వాదం పలికి, గుడి తలుపులు మూసిన తర్వాత సంఘం ఎక్కడ ఉంటుంది? మేము సెమినరీలో చదువుకునే రోజుల్లో సంఘ సిద్ధాంతం పరీక్షలో ఈ ప్రశ్న వచ్చింది. జవాబు చక్కగానే రాశాం. మంచి మార్కులే పడ్డాయి. అదే ప్రశ్న పాతికేళ్ల తర్వాత ఒక సోమవారం ఉదయం మా ఇంటి గడప దగ్గరకు వచ్చి నిలబడినప్పుడు మాత్రం మేము తప్పిపోయాం.

వచ్చింది మా సంఘంలోని ఒక తల్లి. నాలుగిళ్లలో అంట్లు తోముకుని బతికే విధవరాలు. పదిహేనేళ్ల కొడుకు సెల్‌ఫోన్ దొంగతనం కేసులో పట్టుబడ్డాడు. ఆ రోజు పిల్లల కోర్టుకు తీసుకువస్తారట. తనకు అక్కడ ఏం మాట్లాడాలో తెలియదని, కాస్త తోడు రమ్మని అడిగింది. మేము ఆమె కోసం కన్నీటితో ప్రార్థన చేశాం. ఆటో ఖర్చులకు కొంత డబ్బు చేతిలో పెట్టాం. కానీ వెళ్లలేదు. పాస్టర్ కోర్టు మెట్లెక్కితే నలుగురూ ఏమనుకుంటారో, సంఘం పేరు ఎక్కడ బయటపడుతుందోనన్న భయం మమ్మల్ని ఆపేసింది. ఆమె ఒక్క మాటా అనలేదు. వచ్చే ఆదివారం ఎప్పటిలాగే వచ్చి చివరి వరుసలో కూర్చుంది. ఆ రోజు మంచి సమరయుని గురించి ప్రసంగించవలసి వచ్చింది. దారిన పోతూ పక్కకు తప్పుకున్న యాజకుని గురించి చెప్పేటప్పుడు మా గొంతు మాకే వినబడలేదు.

ఆ తర్వాత కొంతకాలానికి దక్షిణాఫ్రికా సంఘ చరిత్ర చదువుతుండగా ఒక సహోదరి జీవితం మా కంటపడింది. ఆమె పేరు షార్లెట్ మాక్సెకే. జొహానెస్‌బర్గ్ నగరంలో దిక్కులేని పిల్లల కోసం కోర్టుకు వెళ్లడమే ఆమె ఉద్యోగం. ఆమె కథ చదివినప్పుడు మేము సిగ్గుపడ్డాం, ధైర్యమూ తెచ్చుకున్నాం. అందుకే ఈ వారం ఆమె గురించి మీతో పంచుకుంటున్నాం.

పాట నుంచి చదువుకు

షార్లెట్ మఖోమో మాన్యా 1870వ దశకం తొలి సంవత్సరాల్లో దక్షిణాఫ్రికాలో జన్మించింది. తండ్రి ప్రెస్బిటేరియన్ సంఘంలో వాక్యం చెప్పే విశ్వాసి. తల్లి ఉపాధ్యాయురాలు. మిషన్ బడిలో చదువు, ఇంట్లో బైబిలు, గుడిలో పాట. ఈ మూడింటి మధ్యే ఆమె పెరిగింది. వజ్రాల గనులతో పేరుపడిన కింబర్లీకి కుటుంబం తరలివెళ్లాక అక్కడే ఆమె టీచరుగా పనిచేసింది. దేవుడు ఆమెకు ఇచ్చిన మొదటి తలాంతు మంచి కంఠం.

ఆ కంఠమే ఆమెను సముద్రాలు దాటించింది. 1891లో ఒక ఆఫ్రికన్ గాయక బృందం ఇంగ్లండ్ వెళ్లింది. అందులో షార్లెట్, ఆమె చెల్లెలు కేటీ కూడా ఉన్నారు. విక్టోరియా మహారాణి ఎదుట కూడా ఆ బృందం పాడింది. కచేరీలో సగం భాగం గిరిజన వేషంలోను, మిగతా సగం ఆంగ్లేయుల దుస్తుల్లోను వారిచేత పాడించేవారు. చదువుకున్న క్రైస్తవ యువతీయువకులను ఒక వింతగా చూపించి డబ్బు చేసుకోవాలన్న ఆలోచన దాని వెనుక ఉండేది. కేటీ స్వదేశం చేరుకుంది. షార్లెట్ తర్వాత మరో బృందంతో అమెరికా వైపు ప్రయాణమైంది. అక్కడ నిర్వాహకులు చేతులెత్తేశారు. పరాయి దేశంలో డబ్బు లేక, తిరుగు ప్రయాణానికి దారి లేక ఆ యువ గాయకులు వీధిన పడ్డారు.

వారిని ఆదుకున్నది ఒక సంఘం. ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ సంఘం అంటే, శ్వేతజాతివారి ఆలయాల్లో సమానంగా మోకరించే చోటు దొరకని నల్లజాతి విశ్వాసులు 1816లో అమెరికాలో స్థాపించుకున్న సంఘం. ఆ సంఘం షార్లెట్‌ను ఒహాయో రాష్ట్రంలోని తమ విల్బర్‌ఫోర్స్ విశ్వవిద్యాలయంలో చేర్చింది. అప్పట్లో అక్కడ పాఠాలు చెప్పిన వారిలో ప్రఖ్యాత మేధావి డుబోయిస్ కూడా ఒకరు. 1901లో ఆమె బి.ఎస్సీ. పట్టా అందుకుంది. దక్షిణాఫ్రికా నల్లజాతి స్త్రీలలో పట్టభద్రురాలైన మొదటి వ్యక్తి ఆమే. పాట పాడి పొట్టపోసుకోవడానికి వెళ్లిన పిల్లను, నమ్మినవారు నడివీధిలో వదిలేస్తే, దేవుడు ఆ వీధినే బడికి దారిగా మార్చాడు.

ఇక్కడ ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. చదువుకునే రోజుల్లో షార్లెట్ ఇంటికి ఉత్తరాలు రాసేది. తాను చేరిన సంఘం గురించి, నల్లజాతివారే బిషప్పులుగా ఉండి దాన్ని నడుపుకోవడం గురించి వాటిలో ఉండేది. ఆ ఉత్తరాల సంగతి మంగెనా మొకోనె అనే దైవజనుని దాకా చేరింది. ఆయన 1892లో మెథడిస్ట్ మిషన్‌లోని వర్ణభేదం భరించలేక బయటికి వచ్చి, ప్రిటోరియాలో ఇథియోపియన్ సంఘాన్ని ప్రారంభించిన వ్యక్తి. 68వ కీర్తనలో కూషు దేశాన్ని గురించి ఉన్న మాటనుబట్టి ఆ పేరు పెట్టుకున్నారు. ఉత్తరాలు నడిచాయి. 1896లో ఆ రెండు సంఘాలూ ఒక్కటయ్యాయి. విద్యార్థిని ఇంటికి రాసుకున్న ఉత్తరాన్ని కూడా ప్రభువు తన పనికి వాడుకోగలడు. మనం రోజూ సెల్‌ఫోన్‌లో పంపే సందేశాల్లో ఎన్ని అలాంటి పనికి వస్తాయో ఆలోచించుకుందాం.

బంగారు నగరం, రేకుల గదులు

స్వదేశానికి వచ్చిన షార్లెట్ 1903లో మార్షల్ మాక్సెకేను వివాహం చేసుకుంది. ఆయన కూడా విల్బర్‌ఫోర్స్‌లోనే చదివిన విశ్వాసి. ఇద్దరూ కలిసి ఊరూరా బడులు నడిపారు. జొహానెస్‌బర్గ్‌కు దక్షిణాన ఉన్న ఎవటన్‌లో తమ విశ్వవిద్యాలయం పేరుతోనే విల్బర్‌ఫోర్స్ విద్యాసంస్థ వెలసి నిలదొక్కుకోవడంలో వారి కష్టం ఉంది. కొంతకాలం తెంబు ప్రజల మధ్య కూడా పనిచేశారు. ఆడవారికి చోటులేని ఆ రాజు కొలువులో షార్లెట్‌కు మాట్లాడే అవకాశం దక్కింది. చివరికి ఆ దంపతులు జొహానెస్‌బర్గ్‌లో స్థిరపడ్డారు.

1886లో బంగారం బయటపడక ముందు అక్కడ నగరమే లేదు. బంగారం దొరికాక నాలుగు దిక్కుల నుంచీ మనుషులు వచ్చి పడ్డారు. గని కూలీలైన మగవారిని కాంపౌండ్లు అనే పెద్ద బ్యారెక్కుల్లో ఉంచేవారు. భార్యాబిడ్డలను వెంట తెచ్చుకునే వీలు వారికి లేదు. కుటుంబాలతో వచ్చినవారు నగరం వెనుకవైపు యార్డుల్లో తలదాచుకునేవారు. ఒక ఆవరణ, చుట్టూ రేకుల గదులు, ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం, అందరికీ కలిపి ఒకటో రెండో నీటి కుళాయిలు. మన పట్టణాల్లో గుడిసె పేటలు తెలిసినవారికి ఆ దృశ్యాన్ని వేరే వర్ణించనక్కరలేదు.

అయినా అక్కడ జీవితం కళకళలాడుతూనే ఉండేది. గురువారం మధ్యాహ్నం చూడాలి. దొరల ఇళ్లలో పనిచేసే స్త్రీలకు అది సెలవు పూట. ఆ పూట వారు విశ్రాంతి తీసుకునేవారు కాదు, తమ సంఘపు యూనిఫాం తొడుక్కుని ప్రార్థన కూటానికి వెళ్లేవారు. మన్యానో అని పిలిచే ఆ స్త్రీల కూటాలు మన స్త్రీల మైత్రి కూటాల వంటివే. ఒకరి తర్వాత ఒకరు నిలబడి తమ బాధ చెప్పుకోవడం, అందరూ కలిసి ఏడ్చి ప్రార్థించడం, వెళ్లేముందు కష్టంలో ఉన్న సహోదరికి తలా కొంత వేసి ఇవ్వడం. చావులకూ అవసరాలకూ పనికివచ్చేలా మన చీటీల్లాంటివి వేసుకునేవారు. బడికో గుడికో డబ్బు కావాలంటే టీ మీటింగులు పెట్టేవారు. ఫలానా పాట పాడాలని ఒకరు డబ్బు కడితే, వద్దని మరొకరు అంతకన్నా ఎక్కువ కట్టేవారు. నవ్వులాటల మధ్య నిధి సమకూరేది. మన కోత పండుగల్లో ఒక గుమ్మడికాయను పదిసార్లు వేలం వేసి గుడి పైకప్పు వేయించుకున్నవారికి ఇందులో వింత ఏమీ కనిపించదు.

గాయనిగా ప్రపంచం చూసి, పట్టభద్రురాలై తిరిగివచ్చిన షార్లెట్ ఈ స్త్రీల మధ్యే కూర్చుంది. తమ సంఘపు స్త్రీల మిషనరీ సొసైటీని కూడగట్టింది. ఆ కూటాల్లో వారు చెప్పుకునే బాధలు విన్నది. విని ఊరుకోలేదు.

చేతిలో కాగితం లేకపోతే

ఆ బాధల్లో పెద్దది పాసు. నల్లజాతి మగవాడు ఎక్కడ పనిచేస్తున్నాడో, ఎక్కడ ఉండవచ్చో తెలిపే కాగితం ఎప్పుడూ జేబులో ఉండాలి. రాత్రి తొమ్మిది దాటాక వీధిలో తిరగాలంటే యజమాని రాసిచ్చిన మరో చీటీ కావాలి. పోలీసు అడిగినప్పుడు చూపించలేకపోతే జైలే. ఆరెంజ్ ఫ్రీ స్టేట్ రాష్ట్రంలోని పట్టణాల్లో స్త్రీలకు కూడా ఇలాంటి పాసులు పెట్టారు, వాటికి ప్రతి నెలా రుసుము కూడా కట్టాలి. 1913లో బ్లూమ్‌ఫాంటీన్ స్త్రీలు పాసులు చించివేసి, జరిమానా కట్టబోమని చెప్పి జైలుకు వెళ్లారు. ఆ ఉద్యమానికి ఊపిరి పోసినవారిలో షార్లెట్‌ను కూడా చెబుతారు. గాంధీగారి సత్యాగ్రహంలో భారతీయ స్త్రీలు దక్షిణాఫ్రికా జైళ్లకు వెళ్లింది కూడా అదే సంవత్సరం. ఆ దేశపు చెరకు తోటలకు 1860 నుంచి కూలీలుగా వెళ్లినవారిలో మన తెలుగువారూ ఎందరో ఉన్నారు గనుక ఈ పాసుల కథ మనకు పూర్తిగా పరాయిది కాదు.

తర్వాతి కాలంలో ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌గా పేరు మార్చుకున్న సంస్థ 1912లో ఏర్పడింది. కానీ అందులో స్త్రీలకు పూర్తి సభ్యత్వం 1943 వరకు ఇవ్వలేదు. షార్లెట్ అలిగి కూర్చోలేదు. 1918లో బంటు స్త్రీల లీగును స్థాపించి దానికి అధ్యక్షురాలైంది. ప్రధానమంత్రి లూయీ బోథా దగ్గరకు స్త్రీల ప్రతినిధి బృందాన్ని తీసుకువెళ్లి, వీధిలో పోలీసు ఒక తల్లిని ఆపి కాగితం అడిగితే ఎంత అవమానమో వివరించింది. రాజు దగ్గరకు పిలుపు లేకుండానే వెళ్లిన ఎస్తేరు మనకు గుర్తుకు వస్తుంది. ఎస్తేరు రాణి. షార్లెట్‌కు కిరీటం లేదు. ప్రార్థించే స్త్రీల బలమొక్కటే ఉంది.

కోర్టు వరండా

1923లో ఆమె జీవితంలో కొత్త అధ్యాయం మొదలైంది. జొహానెస్‌బర్గ్ మేజిస్ట్రేటు కోర్టులో నేరారోపణకు గురైన నల్లజాతి బాలబాలికల సంక్షేమం చూసే ప్రొబేషన్ అధికారిణిగా ఆమెను నియమించారు. ఆ పని చేసిన తొలి నల్లజాతి స్త్రీ ఆమె. పట్టుబడిన పిల్లవాడితో మాట్లాడాలి. అతని ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాలి. తల్లిదండ్రులెవరో, తిండి ఎలా గడుస్తుందో తెలుసుకోవాలి. జైలుకు పంపకుండా మరో దారి ఉంటే అధికారులకు విన్నవించాలి. పని దొరకనివారి కోసం ఆమె నగరంలో ఒక ఉద్యోగాల కేంద్రం కూడా నడిపింది. అపరాధానికి ముందు ఆకలి ఉంటుందని ఆమెకు తెలుసు.

ఆ ఇళ్లకు వెళ్లినప్పుడు ఆమె చూసింది ఇది. భర్తకు వచ్చే కూలి ఇంటి అద్దెకు, తిండికి చాలదు. భార్య దొరల బట్టలు ఉతకాలి, లేదా ఇంట్లో బీరు కాచి అమ్మాలి. నల్లజాతివారు బీరు కాచడం చట్టరీత్యా నేరం. పోలీసులు యార్డుల మీద పడి, ఇనుప కడ్డీలతో నేల పొడిచి, గుంటల్లో పాతిపెట్టిన డబ్బాలు బయటికి తీసేవారు. తల్లి జైలుకు వెళితే పిల్లలు వీధిలోకి వచ్చేవారు. వీధిలోకి వచ్చిన పిల్లవాడు కొన్నాళ్లకు కోర్టులో నిలబడేవాడు. చట్టానికి ఆ చివరి మెట్టు ఒక్కటే కనిపించింది. షార్లెట్ మొదటి మెట్టు నుంచీ చూసింది.

1930లో ఫోర్ట్ హేర్‌లో జరిగిన క్రైస్తవ విద్యార్థుల మహాసభలో ఆమె ఈ విషయాలే మాట్లాడింది. నల్లవారూ తెల్లవారూ కలిసి కూర్చున్న సభ అది. గ్రామాల నుంచి నగరానికి వచ్చిన కుటుంబం ఎలా చెదిరిపోతుందో, ఇల్లు దొరక్క వివాహం ఎలా పలచబడిపోతుందో, తల్లి రోజంతా ఇంట్లో లేకపోతే ఆడపిల్లల గతి ఏమవుతుందో విద్యార్థులకు వివరించింది. బయటి నుంచి జాలిపడడం కాక, రెండు జాతుల క్రైస్తవులూ కలిసి పనిచేయాలని కోరింది. ఎవరినీ దూషించలేదు. దేనినీ దాచలేదు. దైవసేవకులు నేర్చుకోవలసిన ప్రసంగ విధానం ఇది అని మేము అనుకుంటాం.

ఆమెను విమర్శించినవారూ లేకపోలేదు. ప్రభుత్వ కోర్టులో జీతం తీసుకుంటూ ప్రభుత్వాన్ని ఎలా నిలదీస్తుందని అడిగేవారు ఎక్కడైనా ఉంటారు. విశ్వాసికి రాజకీయాలెందుకని అడిగేవారు అంతకన్నా ఎక్కువమంది ఉంటారు. ఆమె జీవితాన్ని చూస్తే జవాబు తేలికగానే దొరుకుతుంది. మేజిస్ట్రేటు ముందు నిలబడిన పిల్లవాడికి అప్పటికప్పుడు ఒక పెద్దదిక్కు కావాలి. వాడిని అక్కడికి తెచ్చిన చట్టమూ మారాలి. ఈ రెండింటిలో ఒకటి చేసి రెండోది వదిలేయడం ఆమెకు చేతకాలేదు. యెరికో దారిలో గాయపడినవాని గాయాలు కట్టాలి, ఆ దారిలో దొంగల భయమూ లేకుండా చేయాలి.

1928లో భర్త మార్షల్ మరణించాడు. ఆమె పని మానలేదు. 1930వ దశకంలో ఏర్పడిన ఆఫ్రికన్ స్త్రీల జాతీయ మండలికి తొలి అధ్యక్షురాలైంది. 1939 అక్టోబరు 16న జొహానెస్‌బర్గ్ శివారులోని క్లిప్‌టౌన్‌లో ఆమె ప్రభువునందు నిద్రించింది. బతికినంతకాలం ప్రజలు ఆమెను అమ్మా అనే పిలుచుకున్నారు.

ఆమె ఎదిరించిన పాసుల చట్టం ఆమె కళ్లముందు పోలేదు. పైగా 1950వ దశకంలో దేశమంతటా స్త్రీలకు కూడా వర్తింపజేశారు. 1956 ఆగస్టు 9న దాదాపు 20 వేలమంది స్త్రీలు ప్రిటోరియాలోని ప్రభుత్వ భవనం ముందు నిలబడి నిరసన తెలిపారు. 1986లో గాని ఆ చట్టాలు రద్దు కాలేదు. ఆమె కన్నుమూసిన 47 ఏళ్ల తర్వాత! విత్తినవారే కోయాలన్న నియమం దేవుని పొలంలో లేదు. 2008లో జొహానెస్‌బర్గ్‌లోని ఒక పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి ఆమె పేరు పెట్టారు. ఒకనాడు కాగితం లేనిదే నల్లజాతివాడు నడవడానికి వీలులేని నగరంలో ఇప్పుడు రోగులు చేతిలో పట్టుకుని వెళ్లే ఆసుపత్రి చీటీ మీద ఆమె పేరు ఉంటుంది.

ప్రియ చదువరులారా, మన సంఘాల్లో పాటకు కొదువ లేదు. స్త్రీల కూటాలు, ఉపవాస కూటాలు, కోత పండుగలు, సండేస్కూలు పిల్లల విహారయాత్రలు బాగానే జరుగుతున్నాయి. అవన్నీ మంచివే. షార్లెట్ కూడా వాటి నుంచే వచ్చింది. అయితే ఆమె గురువారపు కూటంలో విన్న కన్నీటి సాక్ష్యాన్ని శుక్రవారం ఉదయం కోర్టుకు మోసుకుపోయింది. మనం విన్న సాక్ష్యాలను ఎక్కడికి తీసుకువెళుతున్నాం? ప్రార్థన అంశాల పుస్తకంలో రాసుకుని మూసివేస్తున్నాం.

మీ సంఘంలో ఏ యువకుడైనా కేసులో ఇరుక్కుంటే అతని తల్లి ముందుగా మీ దగ్గరకు రాగలదా? లేక మీకు తెలియకూడదని దాచిపెడుతుందా? మీ సంఘంలో న్యాయవాదులున్నారు, టీచర్లున్నారు, రిటైరైన ఉద్యోగులున్నారు. నెలకు ఒక్క పూట జువైనల్ హోంలోని పిల్లలతో గడపగలవారు ఎందరున్నారు? లెక్కవేసి చూడండి. దీనికి పెద్ద కానుకలు అక్కరలేదు. గంటలకొద్దీ వరండాలో కూర్చునే ఓపిక ఉంటే చాలు.

మొదట చెప్పిన తల్లి సంగతి ముగించకుండా వదిలేస్తే అది మా పట్ల మేము చూపుకున్న దయ అవుతుంది. షార్లెట్ జీవితం చదివాక మేము ఆమె ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాం. తర్వాతి వాయిదాకు ఆమెతో కలిసి వెళ్లాం. మేము అక్కడ పెద్దగా మాట్లాడింది ఏమీ లేదు. అధికారులు అడిగినప్పుడు ఈ అబ్బాయి మా సంఘంవాడేనని చెప్పాం, అంతే. అప్పుడు ఆ కుర్రవాడు మొదటిసారి తలెత్తి చూశాడు. మేము ఆలస్యంగా వెళ్లాం. మొదటి రోజునే వెళ్లి ఉంటే వాడు అన్నాళ్లు తల దించుకుని ఉండేవాడు కాదు కదా అన్న బాధ మాకు ఇంకా ఉంది.

గుడి తలుపులు మూశాక సంఘం ఎక్కడ ఉంటుందన్న ప్రశ్నకు మళ్లీ పరీక్ష రాయమంటే, ఈసారి మేము ఆ వరండా పేరు రాస్తాం. సోమవారం ఉదయం మన గడపకు వచ్చే వారితో కలిసి నడిచే మనసును ప్రభువు మనందరికీ దయచేయును గాక. ఆమేన్.